రెండు పిడికిళ్ల ఆవళ

ఇంట్లో ఇద్దరే మనుషులు. ఆ ఇద్దరికీ మాటల్లేక తొమ్మిది రోజులైంది.

బుచ్చిరాములు పొద్దున్నే లేచి అన్నం వండి, పప్పు చేసి, కూతురి టిఫిన్ డబ్బా కట్టి గడప పక్కన పెట్టేవాడు. మంగ స్నానం చేసి జడ వేసుకుని, ఆ డబ్బా తీసుకుని చీరలు మడతపెట్టే పనికి పోయేది. సాయంత్రం వచ్చి, కడిగిన డబ్బా అదే గడప పక్కన పెట్టేది. సూరత్ భేస్తాన్‌లో మూడో అంతస్తు మీద ఒక్క గది. మంచానికీ పొయ్యికీ మధ్య నాలుగడుగులు. అంత చోటులో మాట్లాడకుండా బతకాలంటే మాట్లాడడం కంటే ఎక్కువ కష్టపడాలి. ఇద్దరూ కష్టపడ్డారు. పంతం విషయంలో కూతురు అచ్చంగా తండ్రి బిడ్డ.

గొడవ పనిమీద వచ్చింది. రింగు రోడ్డులో పెద్ద చీరల షోరూంలో మంగకు కౌంటరు పని దొరికింది. వచ్చిన ఆడవాళ్ల ముందు చీర విప్పి, భుజం మీద వేసుకుని, అద్దం ముందు నిలబడి చూపించాలి. గుజరాతీ, హిందీ గడగడా మాట్లాడుతుంది కాబట్టి తీసుకున్నారు. కమూర్తా అనే చెడ్డ నెలలో కొత్త పని మొదలుపెట్టరు కాబట్టి ఉతరాణ్, అంటే సంక్రాంతి, దాటాక, పదహారో తారీఖున రమ్మన్నారు. రమ్మన్న మేడం ఇంకో మాట కూడా అంది. మంగ రెండు బుగ్గల మీదా చలికాలం వచ్చిందంటే తెల్లటి పొలుసులు లేస్తాయి, పగులుతాయి, ఒక్కోసారి నెత్తురు చిమ్ముతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. మేడం ఆ బుగ్గల వంక చూసి, అప్పటిదాకా ముఖం సాఫు చేసుకుని రా, లేకపోతే కౌంటరు దగ్గర నిలబెట్టలేను అని చెప్పింది.

బుచ్చిరాములుకు బుగ్గల బాధ లేదు. అతనికి కౌంటరు బాధ.

"పది మంది ముందట చీర కప్పుకొని నిలబడుడు మన ఇంట్ల లేదు. గా పనికి ప్లాస్టిక్ బొమ్మలున్నయ్ గదా" అన్నాడు.

"ప్లాస్టిక్ బొమ్మకు గుజరాతీ రాదు బాపు."

"నీకు వచ్చినందుకేనాయె ఇదంతా. మీ అమ్మ మంచిగ చేసింది."

"అమ్మ ఉంటే నూనె చేసిచ్చి పంపేది" అంది మంగ.

అంతే. ఆ మాట తర్వాత ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు.

అతని భార్య సమ్మక్క పోయి అప్పటికి పది నెలలు. ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి చలికాలం ఒక నూనె చేసేది. డాబా మీద సీసా పెట్టి, ఎండలో కాచి, ఏవో వేర్లూ పూలూ వేసి, పల్చటి గుడ్డలో వడగట్టేది. మంగ బుగ్గలకు అదే మందు. వీధిలో మన తెలుగు ఆడవాళ్లందరికీ చిన్న చిన్న సీసాల్లో పోసి పంచేది. బుచ్చిరాములు ఆ నూనె చేయడం ఒక్కనాడూ నిలబడి చూడలేదు. ముప్పై రెండేళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపాడు. పన్నెండు గంటల పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంటికొస్తే అన్నం, నిద్ర. డాబా మీద ఆమె ఏం ఎండబెడితే అతనికేం? కిందటేడు చెవి మందగించిందని సేఠు సాంచాల మీద నుంచి దింపేశాడు. ఆ తర్వాత నాలుగు నెలలకే ఆమె పోయింది. ఇక చూద్దామన్నా చూడడానికి ఏమీ లేదు.

పదో రోజు మంగ పనికి పోయాక అతను ట్రంకు పెట్టె పక్కన పాత నోటుబుక్కు చూశాడు. తెరిచి పెట్టి ఉంది. సమ్మక్క మంచం మీద ఉన్నప్పుడు నూనె సంగతి చెబితే మంగ రాసుకున్న పేజీ అది. ఆదివారం నూనె చేద్దామనుకుని తీసిందేమో, ఆదివారం కూడా పనికి పిలిచారు. పేజీ నిండా గుజరాతీ అక్షరాలు. మంగకు తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు.

అక్కడే ఉంది అసలు ముల్లు. మంగకు ఆరేళ్లప్పుడు బడిలో వేసే రోజు మొగుడూ పెళ్లాలు పెద్దగా కొట్లాడారు. కార్పొరేషన్ వాళ్ల తెలుగు బడి ఉంది, మన పిల్లలందరూ అందులోనే చదువుతున్నారు, అక్కడే వెయ్యాలని బుచ్చిరాములు. ఇక్కడ బతకాలంటే ఇక్కడి చదువే చదవాలని సమ్మక్క. ఆమె గెలిచింది. ఓడిన కోపంలో అతను, "ఆ వంకర అక్షరాలకు బడెందుకు? నెల రోజులల్ల నేనే నేర్చుకుంట" అన్నాడు. "నేర్చుకో, సూద్దాం" అంది ఆమె. అతను నేర్చుకోలేదు. నేర్చుకోలేదని ఒప్పుకోనూ లేదు. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివినవాడు, తెలుగు పేపరు అక్షరం పొల్లుపోకుండా చదివేవాడు, ఒక అక్షరం ముక్క ముందు గుడ్డివాడని బిడ్డకు ఎలా చెబుతాడు? మంగ ప్రోగ్రెస్ కార్డు తెస్తే కాసేపు పట్టుకుని చూసి, "బాగుంది" అని సంతకం పెట్టేవాడు. బాపుకు నెమ్మదిగానైనా గుజరాతీ చదవడం వచ్చని మంగ నమ్మింది. అలా ఆమె బడి చదువు అయ్యేదాకా పన్నెండేళ్లు నడిచింది.

నూనె చేద్దామని అతనికి ఆ పూటే అనిపించింది. తప్పయిందని నోటితో చెప్పడం అతనికి రాదు. నూనె చేసి సీసా మంగ పెట్టె మీద పెడితే అదే చెబుతుంది. పనికి పో అన్నట్టు కూడా అవుతుంది, అన్నట్టు కాకుండా కూడా అవుతుంది.

చదివేవాడు కావాలి. పరుశురాంను డాబా మీదికి తీసుకుపోయాడు. పరుశురాం సమ్మక్క ఊరివాడు, వరసకు తమ్ముడు. పక్క వీధిలో ఉంటాడు. బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు చదువుతాడు కాబట్టి గుజరాతీ పండితుడినని అతని నమ్మకం. ఇద్దరూ సాంచాల చప్పుడులో అరిచి అరిచి గొంతులు పెంచుకున్నవాళ్లు. గుసగుసలాడితే రెండు వీధులకు వినిపిస్తుంది.

"ఏంది బావా ఇది, ఎవలన్న రాసిన ప్రేమ లేఖనా?"

"నోరు మూసుకొని సదువు."

"నోరు మూసుకొని ఎట్ల సదువుతరే?" పరుశురాం పేజీని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. "త… ల్… ను తేల్. తల్ ను తేల్."

"తలనూనెనా? ముఖానికి గదా కావల్సింది."

పరుశురాం పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ తలకాయ నూనె కాదు బావా. తల్ అంటే నువ్వులు. తల్ చిక్కీ తినవా నువ్వు?"

"నోట్లె పండ్లున్నప్పుడు తిన్న. ముందటికి నడువు."

"వట్టివేర్. ఇది మన మాటే. అక్షరాలు గుజరాతీ, మాట తెలుగు. నీ బిడ్డ కిచిడీ చేసింది గదనే."

"దాని సదువే కిచిడీ. ఇంకేమున్నది?"

"మంజిష్ఠ. కస్తూరి హళదర్, అంటే పసుపు. చౌద తడకా."

"పద్నాలుగు సార్లు పోపు పెట్టాల్నా?"

"పోపు కాదు నీ బొంద. తడకా అంటే ఎండ. పద్నాలుగు ఎండలు. ముప్పై ఏండ్ల సంది సూరత్‌ల ఎండకు ఎండుతున్నవ్, ఎండను ఏమంటరో తెల్వదా?"

"సాంచాల కింద ఎండ ఏడిది?"

రెండు చిక్కుముళ్లు విప్పేసరికి ఇద్దరికీ హుషారు వచ్చింది. పరుశురాం వేలు ఇంకో వరస మీదికి జరిపాడు. "ఆవళ. బే ముఠ్ఠీ."

"ఆవాలు. రెండు పిడికిళ్లు" అన్నాడు బుచ్చిరాములు.

"అంతే."

ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగలేదు. ఆగవలసింది అక్కడే. తెలియని మాట అయితే తలలు గోక్కునేవాళ్లు. ఇది ఇంట్లో మాటలా వినిపించింది. వట్టివేరు తెలుగైనప్పుడు ఆవళ ఆవాలు ఎందుకు కాకూడదు?

"దాని కింద సన్నగ ఏదో రాసింది" అన్నాడు బుచ్చిరాములు.

"జోడక్షరాలు, అన్నీ ఒత్తులే. కండ్లద్దాలు తేలేదు నేను. మంచిగ ఎండబెట్టాలె అని ఉన్నట్టున్నది" అని పరుశురాం పుస్తకం మూశాడు. మూసి కాస్త ఆలోచించి, "ఆవాలు ముఖానికి మండయా బావా?" అన్నాడు.

"ఆమె చెప్పింది, బిడ్డ రాసింది. నడుమ మనమెవలం?"

మర్నాడు అతను గానుగ నువ్వుల నూనె తెచ్చాడు. మూలికల దుకాణంలో వట్టివేళ్లు, మంజిష్ఠ, కస్తూరి పసుపు కొన్నాడు. ఆవాలు ఇంట్లోనే ఉన్నాయి. వాటిని అలాగే వేస్తే గుణం దిగదనిపించింది. మామిడికాయ తొక్కులో ఆవపిండి వేయడం ఒక్కటే అతనికి తెలిసిన వంటింటి శాస్త్రం. రోలు కడిగి, తడి ఆరకముందే రెండు పిడికిళ్లూ దంచాడు. కళ్లలో నీళ్లు కారాయి. ముక్కుకు మాత్రం ఏమీ తెలియలేదు. దారం దుమ్ము, తంబాకు కలిసి ఆ ముక్కును ఎప్పుడో చంపేశాయి.

అన్నీ గాజు సీసాలో వేసి, నూనె పోసి, మూతికి సమ్మక్క పాత చీర పీలిక కట్టాడు. పొద్దున ఎండ రాగానే డాబా మీద పెట్టడం, మధ్యాహ్నం ఒకసారి కదపడం, పొద్దు వాలకముందే దింపి మంచం కింద దాచడం. మంగ పోయాక పైకి, వచ్చేలోపు కిందికి. పండుగ దగ్గర పడుతున్నకొద్దీ డాబా నిండా పతంగులవాళ్లు. గాజుపొడి పూసిన దారాలు, పరుగులు, కేకలు. సీసా మీద ఎవడి కాలు పడుతుందోనని పొద్దంతా దాని పక్కనే గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఎండలో కూర్చోవడం ముప్పై రెండేళ్లలో అదే మొదలు. ఒళ్లు బరువెక్కేది. కునుకు వచ్చేది. కునుకులో సాంచాల చప్పుడు వినిపించి ఉలిక్కిపడి లేచేవాడు.

పక్క గది రాజమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చి చూసింది. "ఏంది బుచ్చిరాములన్నా, పెండ్లికొడుకువు అయితున్నవా? ముఖానికి నూనె కాస్తున్నవ్?"

"నాకు కాదు."

"మరెవలికి? మాట్లాడని బిడ్డకా?"

అతను సీసాను తన వైపు జరుపుకున్నాడు.

"సమ్మక్క చేసినప్పుడు మెట్ల దాకా వాసన వచ్చేది" అంది రాజమ్మ. అని, ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకుందో ఏమో, తడి బట్టలు గబగబా దులిపి పోయింది.

మబ్బు పట్టిన రోజులు వదిలేసి లెక్కపెట్టాడు. పద్నాలుగో ఎండ జనవరి పదమూడున దక్కింది. ఆ మధ్యాహ్నమే వడగట్టాడు. పసుపు రంగు నూనె, సమ్మక్క నూనె లాగానే ఉంది. చిన్న సీసాలో పోసి మంగ పెట్టె మీద పెట్టాడు. పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఉన్నాడు. ఎన్ని తుంచాడో ఎన్ని పారేశాడో తెలియదు.

మంగ వచ్చింది. చెప్పులు విప్పింది. డబ్బా పెట్టింది. మందగించిన చెవికి కూడా మూత తీసిన చప్పుడు వినిపించింది.

"ఘాటుగున్నది" అంది.

నెల రోజుల తర్వాత ఆ ఇంట్లో పలికిన మొదటి మాట అది. బుచ్చిరాములు తిరగలేదు. "కొత్తది. రెండు రోజులల్ల తగ్గుతది."

"నువ్వే చేసినవా?"

"నీ బుక్కుల ఉన్నట్టే చేసిన."

మంగ ముఖం కడుక్కుని వచ్చి, అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని రెండు బుగ్గలకూ రాసుకుంది. కాసేపయ్యాక, "మంట పెడుతున్నది బాపు" అంది.

"పని చేస్తున్నదన్నట్టు."

ఆమె నవ్వింది. ఓర్చుకుంది. ఇంకో నాలుగు చుక్కలు రాసుకుంది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే పళ్లెం ముందు కూర్చున్నట్టు కూర్చుని తిన్నారు. షోరూంలో ఏ రంగు చీర యూనిఫారమో, మధ్యాహ్నం అన్నానికి ఎంత సేపు వదులుతారో మంగ చెప్పింది. అతను ఊ కొట్టాడు. ఊ కొట్టడం కూడా మాటే.

తెల్లవారింది. ఉతరాణ్ పండుగ. వీధిలో అప్పటికే పతంగుల కేకలు. మంగ లేచి అద్దం ముందుకు పోయి, అక్కడే నిలబడిపోయింది. బుచ్చిరాములు చూశాడు. రెండు బుగ్గలూ ఉడికిన టమాటాల్లా ఉబ్బి ఉన్నాయి. కళ్ల కింద నీటి పొక్కులు. ఒక పొక్కు పగిలి రసి కారుతోంది.

"ఏం కలిపినవ్ బాపు?"

"బుక్కుల ఉన్నయే."

"ఏమేం?"

చెప్పాడు. ఆవాల దగ్గరికి వచ్చేసరికి ఆమె పుస్తకం లాక్కుంది. "ఏడ ఉన్నది ఆవాలని?"

అతను ఆ వరస చూపించాడు. పరుశురాం వేలు ఎక్కడ ఆగిందో గుర్తుంది.

"ఇది ఆవళ. ఆవళ అంటే తంగేడు. అమ్మ తంగేడు అన్నది, రాజమ్మత్త కాడ అడిగి గుజరాతీ మాట రాసుకున్న. ఇగో, కింద రాసిన గదా. పచ్చ పూలు, బతుకమ్మవి, ఎండినవి." వేలితో గీరి చూపించింది. "ఎవలు సదివిన్రు నీకు?"

జవాబు నాలుక మీద ఉంది. నాలుగక్షరాల పేరు. ఆ పేరు చెబితే దాని వెనక పన్నెండేళ్ల ప్రోగ్రెస్ కార్డులన్నీ కుప్పగా పడతాయి.

"నేనే" అన్నాడు బుచ్చిరాములు.

మంగ అతని వంక చాలా సేపు చూసింది. ఉబ్బిన కళ్లతో చూడడానికి కూడా ఆమెకు కష్టంగా ఉంది. "పచ్చ పూలు అని సదివి ఆవాలేసినవా?"

అతను నూనె సీసా అందుకుని మూత బిగించాడు.

"పోవద్దంటే పోవద్దను. కాళ్లిరగ్గొట్టు. గిట్ల చేస్తరా ఎవరన్న?" అంది. అరవలేదు. అరిస్తే బుగ్గలు లాగుతాయి. దుపట్టా ముఖానికి చుట్టుకుని రాజమ్మను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి పోయింది.

అతను గదిలో ఒక్కడే కూర్చున్నాడు. తంగేడు. కడోదరా అవతల కాలువ గట్ల మీద నుంచి బతుకమ్మ పండుగకు ఆడవాళ్లు బస్తాల్లో తెచ్చే పూలు. మిగిలినవి సమ్మక్క డాబా మీద చీర పరిచి ఎండబెట్టేది. నిద్రమొహంతో పైకి పోయినప్పుడు ఆ పచ్చటి చీరను ఎన్నిసార్లు దాటుకుంటూ పోయాడో. ఒకసారి కాలితో పక్కకు నెట్టాడు కూడా. ఎందుకివన్నీ అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. అడిగేవాడు కాదు. ఆమె కూడా పిలిచి చెప్పేది కాదు. ఎవరి గొప్ప వాళ్లకుండేది ఆ ఇంట్లో.

పదిహేను రోజులు ఎండ తగలకూడదని, మచ్చలు పోవడానికి కొన్ని నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడట. మందు రాసుకుని, గోడ వైపు తిరిగి రెండు రోజులు పడుకుంది మంగ. అన్నం పెడితే తింది. పళ్లెం కడిగి పెట్టింది. ఈసారి మౌనంలో పంతం లేదు. అందుకే అతనికి భయం వేసింది.

పదహారో తారీఖున ముఖానికి దుపట్టా చుట్టుకుని షోరూంకు పోయింది. మధ్యాహ్నానికే తిరిగి వచ్చింది. మంచం అంచున కూర్చుని నీళ్లు తాగింది.

"ఏమన్నరు?" అన్నాడు బుచ్చిరాములు.

"కౌంటరు వేరే పిల్లకిచ్చిన్రు. నన్ను పైన మడతల కాడ పెడుతరంట. ముఖం మంచిగయ్యాక సూస్తరంట." గ్లాసు కింద పెట్టింది. "ఏమైందని మేడం అడిగింది. మా బాపు చేసిండు అని చెప్పిన. షోరూం పిల్లలు ఇద్దరు ఉధనాల గది తీసుకొని ఉంటున్నరు. ఒక మంచం ఖాళీ ఉన్నదంట. నన్ను అడ్నే ఉండుమన్నది. సరే అన్న. ఎల్లుండి పోత."

అతను తువ్వాలు మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పే అవసరం రాదు. ఆ సంగతి అతనికి స్పష్టంగా తెలిసింది.

"నాకు సదువ రాదు" అన్నాడు.

"ఏంది?"

"నీ గుజరాతీ. ఒక్క అక్షరం సుత రాదు. పరుశురాం సదివిండు. ఆవళ అన్నడు. ఆవాలనుకున్నం ఇద్దరం. కింది సన్నక్షరాలు వానికి రాలే."

మంగ ముఖం మీద దుపట్టా తీసింది. పొక్కులు నల్లబడి చెక్కు కట్టాయి. "మరి నా ప్రోగ్రెస్ కార్డులు?"

"పట్టుకున్న. అంతే."

"ఐదో తరగతిల లెక్కలల్ల ఫెయిలైన నేను. కొడుతవని వణుక్కుంట తెచ్చి ఇచ్చిన. బాగుందన్నవ్. మా బాపు ఎంత మంచోడని ఏడ్చిన ఆ దినం."

అతను నేల చూశాడు.

"అమ్మకు తెల్సా?"

"తెల్సు."

"నాకెన్నడు చెప్పలే."

"చెప్పలే" అన్నాడు. ఆ మాట బయటికి వచ్చాకే అతనికి దాని బరువు తెలిసింది. బడి గొడవ నాటి నుంచి పద్దెనిమిదేళ్లు, గెలిచిన మనిషిగానే ఆమె మీద కోపం మోశాడు. ఆమె నోరు తెరిచి ఒక్క ముక్క అంటే బిడ్డ ముందు అతని బతుకు పలచనయ్యేది. అనలేదు. చచ్చేముందు నూనె సంగతి బిడ్డకే చెప్పి పోయింది, అతనికి చెప్పలేదని అందుకూ కోపమే. ఇప్పుడు ఆ కోపం పెట్టుకోవడానికి కూడా చోటు లేదు.

"మొన్న పొద్దుగాల ఈ ముక్క చెప్పద్దా బాపు?" అంది మంగ. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ. "డాక్టరుకు చెప్పిన, మేడంకు చెప్పిన, రాజమ్మత్తకు చెప్పిన. మా బాపు కావాలని చేసిండని. ఇప్పుడు ఎంతమంది కాడికి పోయి కాదని చెప్పాలె?"

"చెప్పకు. ఉండనీ." తువ్వాలు పక్కన పెట్టి, "నువ్వు నమ్ముతున్నవా?" అన్నాడు.

"నమ్ముతున్న."

"మరి ఎందుకు పోవుడు?"

"నమ్ముడు వేరే, ఉండుడు వేరే బాపు. సదువ రాదని చెప్పేటందుకు సిగ్గుపడ్డవ్. బిడ్డ ముఖం కాల్చిన అనిపించుకునేటందుకు సిగ్గుపడలే. నాకు గదే సమజ్ అయితలేదు."

అతనికీ సమజ్ కాలేదు. వాదించడానికి ఓపిక కూడా లేదు.

పద్దెనిమిదో తారీఖు పొద్దున బట్టల సంచులు రెండూ అతనే మూడంతస్తులు కిందికి మోశాడు. వీధిలో విద్యుత్తు తీగల నిండా చిరిగిన పతంగులు వేలాడుతున్నాయి. ఆటోలో సంచులు సర్దాక మంగ పర్సులోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. ఉధనాలో గది అడ్రసు. గుజరాతీలో ఉంది. ఆమెకు వచ్చింది అదే.

ఇచ్చాక ఆమెకు గుర్తొచ్చింది. చీటీ మళ్లీ తీసుకుని పైకి చదివింది. సొసైటీ పేరు, వీధి పేరు, గది నంబరు. మళ్లీ ఒకసారి చదివింది. అతను పిల్లవాడిలా వెంట వెంట చెప్పాడు. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాడు.

"మర్చిపోతే ఎవలతోనన్న సదివించుకో" అంది మంగ. దుపట్టా ముఖానికి చుట్టుకుంటూ, "పరుశురాం మామతోని మాత్రం వద్దు" అంది.

నవ్విందో లేదో దుపట్టా వెనక తెలియలేదు. ఆటో కదిలింది.

బుచ్చిరాములు అడ్రసు గొణుక్కుంటూ మెట్లెక్కాడు. మొదటి అంతస్తులో సొసైటీ పేరు గుర్తుంది, వీధి పేరు గుర్తుంది. రెండో అంతస్తులో రాజమ్మ ఎదురొచ్చి, ముఖం తిప్పుకుని పోయింది. మూడో అంతస్తుకు చేరేసరికి గది నంబరు మిగిలింది. వీధి పేరు పోయింది. అతను తలుపు ముందు మెట్టు మీద కూర్చుని చీటీ విప్పి, మొదటి అక్షరం నుంచి చూడడం మొదలుపెట్టాడు.